గొడ్లచావిడి కప్పు కింద

మా ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు ఖర్చుకు వెనకాడినవాళ్లు కూడా గొడ్లచావిడి దగ్గర వెనకాడేవాళ్లు కాదు. సేద్యం నడిచేది ఎడ్ల మీద, చేతిలో నాలుగు డబ్బులాడేది పాడి మీద. నరసరావుపేట చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో ఉన్న ఊరు మాది. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నాం గానీ 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లానే. మా తాత కట్టించిన ఇంటి వెనక దొడ్లో ఆ చావిడి ఇప్పటికీ నిలబడే ఉంది. నాపరాళ్లను బంకమట్టితో పేర్చి లేపిన మందపాటి గోడలు, తాటి దూలాలు, పైన పెంకు. లోపల గొడ్లను వరసగా కట్టేసే చోటు, వాటి ముందు పొడుగూతా రాతి గాడి, వెనక ఉచ్చకాలవ. ఎంత వాన కురిసినా అందులో గొడ్డు తడిసిందన్న మాట నేనెప్పుడూ వినలేదు.

అమ్మ బట్టలుతికే బండ మాత్రం బావి పక్కన ఆరుబయట ఉండేది.

2018 కార్తీకంలో ముసురు పట్టింది. బండ చుట్టూ పాచి పేరుకుపోయింది. దుప్పటి పిండుతూ అమ్మ కాలు జారి కుడి చేతి మీద పడింది. మణికట్టు ఎముక విరిగింది. నరసరావుపేటలో కట్టు కట్టించాం, ఎముక అతికింది. కానీ కట్టు విప్పాక చూస్తే ఆ చేత్తో గిన్నె పట్టుకోగలదు, పప్పు రుబ్బగలదు, తడిబట్ట మాత్రం పిండలేదు. పిండడమంటే రెండు ముంజేతులూ ఎదురెదురుగా మెలితిరగాలి. ఆ వయసులో మణికట్టు విరిగితే ఆ మెలిక చాలామందికి పూర్తిగా తిరిగి రాదు. అమ్మకి అప్పటికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. ఒంటరిగా ఉంటోంది. పనిమనిషి కోసం ఊరంతా అడిగాం. మిరపకోతల కాలంలో కూలికి పోతే వచ్చే డబ్బు వదులుకుని ఒకళ్ల బట్టలుతకడానికి ఎవరొస్తారు? రాకపోవడమే న్యాయం.

అసలు బట్టలుతకడం అమ్మ పని ఎప్పుడయిందో చెప్పాలి. అమ్మ కాపురానికొచ్చింది 1969లో. అంతకు రెండేళ్ల ముందు, 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ వచ్చి నాగార్జునసాగర్ నుంచి కాలవలకు నీళ్లు వదిలారు. జొన్నచేలు మాగాణులవుతున్న రోజులవి. అప్పట్లో మా ఇళ్లల్లో ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కునేవాళ్లు కాదు. ఉతికేవాళ్లకు ఏటికి ఇన్ని గింజలని మేర కొలిచే పద్ధతి. ఒక పెద్దమ్మ, ఆమె ఇంటివాళ్లు మా మూటలు రేవుకు మోసుకెళ్లేవాళ్లు. గుడ్డలను చౌడు నీళ్లలో ముంచి, బాన మీద పేర్చి, కింద మంటపెట్టి ఆవిరి పట్టించేవాళ్లు. దాన్నే ఉబ్బ వెయ్యడం అంటారు. చౌడులో సహజంగా ఉండే సోడా జిడ్డును వదిలిస్తుంది. ఏ గుడ్డకు ఎంత చౌడు, ఎంతసేపు ఆవిరి అన్నది పూర్తిగా ఆమె చేతి లెక్క. ఇప్పుడు మిషను మీద కాటను, సింథటిక్ అని మీట తిప్పుతున్నామే, ఆ తేడాలన్నీ ఆమె ముట్టుకుని చెప్పేది. అంత విద్యకు మేము కొలిచిన గింజలు చాలా తక్కువ. ఊళ్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా ఇంట్లోనూ ఎత్తలేదు. ఎనభైల్లో ఆమె పిల్లలు గుంటూరులో ఇస్త్రీ బండి పెట్టుకుని తల్లిని తీసుకెళ్లిపోయారు. మంచి పని చేశారు. ఆ ఏడు నుంచి మా నాయనమ్మ మడిచీరలు, నాన్న పొలం పంచెలు, మా బడి బట్టలు, పక్కదుప్పట్లు అన్నీ అమ్మ మీద పడ్డాయి.

ఇక 2018కి వస్తే, తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోను చేసి, వాషింగ్ మిషను కొని పంపిస్తానన్నాడు. ఏ మిషను అన్నది అమ్మ చెయ్యే తేల్చింది. ఊళ్లో చాలామంది ఇళ్లల్లో ఉండేది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్. చవక, నీళ్లు బకెట్లతో పోసినా నడుస్తుంది, కరెంటు పోయి వచ్చినా గొడవ లేదు. పల్లెకు అది ఎంతో అనువైన వస్తువు. కానీ అందులో ఉతికిన గుడ్డలు నీళ్లోడుతుండగా తీసి పక్క తొట్లో వెయ్యాలి. విరిగి అతికిన మణికట్టుకు తడిదుప్పటి బరువు కుదరదు. పైమూత మిషనులో లోతుగా వంగి చెయ్యి పెట్టి లాగాలి, అమ్మ పొట్టి మనిషి. ఇక మిగిలింది ముందు తలుపుండే ఫ్రంట్ లోడ్. దాన్ని కాస్త ఎత్తు మీద పెడితే నిలబడే తలుపు తీసి, గుడ్డలు కింద పెట్టిన బుట్టలోకి జార్చుకోవచ్చు. ఏడు కిలోల మిషను తీసుకున్నాం. దాని బరువే అరవై కిలోలకు పైగా ఉంటుంది. డ్రమ్ము గిర్రున తిరిగేటప్పుడు పెట్టె ఎగరకుండా లోపల కాంక్రీటు దిమ్మెలు బిగిస్తారు.

ఇంట్లో పెట్టడానికి చోటే లేదు. పాత ఇళ్లల్లో గదులు చాలా ఉంటాయి, నీళ్లు బయటికి పోయే దారి మాత్రం ఏ గదికీ ఉండదు. వంటింట్లో కుడితి గోలెం దాకా మోసుకెళ్లి పారబోయడమే. తర్వాతెప్పుడో కట్టిన డాబా స్నానాలగది బాగా ఇరుకు, మిషను పెడితే మనిషి పట్టదు. వీధి వరండాలో పెడదామంటే అమ్మ ససేమిరా అంది. చివరికి దొడ్డివైపు చూశాం. ఆఖరి గేదెను అమ్మేశాక చావిడిలో కట్టెపుల్లలు, పాత నాగలి, నాన్న మందు కొట్టే పంపు తప్ప ఏమీ లేవు.

2019 వేసవిలో మిషను వచ్చింది. బిగించడానికి కంపెనీ తరఫున ఒక కుర్రాడొచ్చాడు. చావిడి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది పశువుల షెడ్డు కదా మేడం. ఇక్కడ బిగిస్తే రేపు ఏమన్నా అయితే నా మీదకొస్తది."

విసుక్కుని వెళ్లిపోతాడనుకున్నాను. అతను సంచిలోంచి మీటరు తీసి పాత ప్లగ్గులో పెట్టి చూశాడు. ఎర్తు లేదు. నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తులో ఉందని అడిగాడు. నేల మీద నీళ్ల సీసా పడుకోబెట్టాడు, అది గాడి దగ్గర్నుంచి కాలవ దాకా దొర్లుకుంటూ పోయింది. ఎర్తు, నీళ్ల ఒత్తిడి, సమంగా ఉన్న నేల, ఈ మూడూ ఉంటేనే ఫోను చెయ్యమని చెప్పి అట్టపెట్టె విప్పకుండానే వెళ్లిపోయాడు. అతని మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"గొడ్లకు బాగున్న చోటు, ఇనప పెట్టెకు బాగోదంటనా అమ్మాయ్?" అంది అమ్మ. ఆమెకు నిజంగానే బాధ కలిగింది. ముప్పయ్యేళ్లకు పైగా రోజూ రెండు పూటలా ఊడ్చి, కడిగి, పొగవేసి చూసుకున్న చోటది.

మరుసటి రోజు తాపీ మేస్త్రిని పిలిపించాం. ఊరివాడే, నాన్న ఈడువాడు, నాకు బాబాయి వరస. వచ్చీ రాగానే రసమట్టం తియ్యలేదు. బావిలోంచి రెండు బకెట్ల నీళ్లు తోడుకొచ్చి గాడి పక్కన నేల మీద మెల్లగా వంచాడు. ఆ నీళ్లు పోయిన తీరు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. నాపరాళ్ల మీద పల్చగా పరుచుకుని, ఎక్కడా మడుగు కట్టకుండా, గుంజల మధ్య నుంచి కాలవలోకి దిగి, అక్కడ తలతిప్పుకుని తూర్పు గోడవైపు సాగాయి. గోడ మూలన ఊక, బూజు, ఎండిన పేడ అట్టకట్టి ఉన్న చోట ఆగాయి. బాబాయి గడ్డపలుగుతో రెండు పోట్లు పొడిచాడు. మట్టి తూము బయటపడింది. చెత్త లాగేసరికి నీళ్లన్నీ గొళ్లున బయటికి పోయాయి.

"చూశావా అమ్మాయ్, వాటం. మీ తాత దగ్గరుండి పెట్టించాడు. గొడ్డు ఉచ్చపోస్తే నిలవగూడదు, నిలిస్తే గిట్టలు చెడతయ్. గొడ్డు పడుకుంటే మాత్రం జారగూడదు. ఆ రెంటికీ మధ్యన పట్టాడు చూడు."

ఎనభై ఏళ్ల కిందట గొడ్ల కోసం పెట్టిన ఆ వాటమే మిషనుకు సగం పని చేసి పెట్టింది. మురుగునీటికి కొత్తగా గొట్టాలు పూడ్చాల్సిన పని లేకపోయింది. అయితే ఆ వాటమే మిషనును నిలవనివ్వదు. ఫ్రంట్ లోడ్ మిషను డ్రమ్ము బట్టలు పిండేటప్పుడు నిమిషానికి వెయ్యిసార్లకు పైగా తిరుగుతుంది. నాలుగు కాళ్లూ ఒకే మట్టంలో లేకపోతే పెట్టె ఊగుతుంది, ఊగినకొద్దీ జరుగుతుంది, చివరికి లోపలి బేరింగులు అరిగిపోతాయి. కాళ్లకుండే మరలు తిప్పి కొంతవరకే సరిచెయ్యగలం. అంత వాటానికి అవి చాలవు.

గాడి మీదనే నాపరాయి పరిచి మిషను పెడితే సరిపోదా, ఎత్తుగా కూడా ఉంటుంది కదా అన్నాను. బాబాయి ఒప్పుకోలేదు. గాడి కట్టింది మట్టిలో. గొడ్డు తల ఆనించినంతవరకు నిలుస్తుంది గానీ అదురుకు నిలవదన్నాడు. రెండు మిషన్లు పట్టేంత మేర గాడి తీసేశాడు. అప్పుడు చూశాను దాని అంచు రాయిని. తరాల తరబడి గేదెలూ ఎడ్లూ మెడ ఆనించి కుడితి తాగిన చోట రాయి అరిగి, లోపలికి చిన్న చిన్న వంపులు తిరిగి, అద్దంలా నున్నగా అయిపోయింది. ఒక్కో గొడ్డుకు ఒక్కో వంపు. అమ్మ వాటిమీద చెయ్యి పెట్టి, ఇది ఫలానా ఎర్రావు చోటు, ఇది కొమ్మువిరిగిన గేదె చోటు అని వరసగా చెప్పింది. ఆ రాయిని బద్దలు కొట్టనివ్వలేదు. బాబాయి దాన్ని రెండు పొట్టి గోడల మీద అడ్డంగా పెట్టి, ఉతికిన బట్టలు మడతపెట్టుకునే అరుగు చేశాడు.

చావిడి గోడల అడుగున మూరెడు ఎత్తు దాకా తెల్లటి పొడి పూసి ఉంటుంది. చిన్నప్పుడు అది సున్నం అనుకునేదాన్ని. పశువుల ఉచ్చ ఇంకిన మట్టిలో కాలక్రమంలో పుట్టే సురేకారం అది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఇలాంటి మట్టిని నానబెట్టి, వడగట్టి, కాచి తీసిన సురేకారమే తుపాకి మందుకు పోయేది. ఈ ఉప్పు గాల్లోని తేమను లాక్కుంటుంది. దానికి దగ్గరగా రేకు పెడితే తొందరగా తుప్పు పట్టి రాలిపోతుంది. అందుకని మిషనును గోడకు జానెడు ఎడంగా పెట్టాలన్నాడు బాబాయి. మిషనును నిలిపే దిమ్మె కోసం పాతనేల తవ్వి తీసేశాడు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, దాని మీద ఏది పెట్టినా కదులుతుంది. కానీ చావిడి అడుగున తాత ముందే గరుసు పోయించాడట, గట్టినేల తొందరగానే తగిలింది. దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, ఒకటికి రెండు, నాలుగు పాళ్లలో కాంక్రీటు కలిపి, నేలకు అడుగు ఎత్తున దిమ్మె పోశాడు. పైభాగం నున్నగా రుద్దలేదు, రబ్బరు కాళ్లకు పట్టు ఉండాలని గరుకుగా వదిలాడు. చుట్టూ అంగుళం గట్టు పెట్టాడు, మిషను జరిగినా కింద పడకుండా. గోనెపట్టాలు కప్పి రోజూ తడిపే పని అమ్మ తీసుకుంది. ఎడం చేత్తో చెంబుతో పోసేది.

ఈలోగా కరెంటు సంగతి చూశాం. మా ఇంటి వైరింగు చెక్కపట్టీల మీద బిగించిన పాతకాలపుది, పింగాణీ ఫ్యూజులు. బల్బులు, ఫ్యాన్లు, ఒక టీవీ వరకు సరే. మిషనులో నీళ్లు వేడిచేసే హీటరే సుమారు రెండువేల వాట్లు. 230 వోల్టుల దగ్గర దానికి తొమ్మిది ఆంపియర్ల దాకా కావాలి. మీటరు దగ్గర్నుంచి చావిడికి దూరం ఎక్కువ, సన్నతీగ వేస్తే వేడెక్కుతుంది, వోల్టేజి దారిలోనే పడిపోతుంది. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ గొట్టంలో వేసి నేలలో పూడ్చాం. సాయంత్రం మోటార్లన్నీ నడిచే వేళ మా ఊళ్లో బల్బు ఎర్రబడిపోతుంది. అందుకని స్టెబిలైజరు కూడా.

ఎర్తు మాత్రం నేను దగ్గరుండి వేయించాను. దండెం తీగకు కరెంటొచ్చి, తడిబట్ట ఆరేస్తూ మనుషులు పోయారన్న వార్త మన జిల్లాల్లో ఏటా వానాకాలంలో వింటూనే ఉంటాం. పోయేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. తడినేల, తడిచేతులు, ఇనప పెట్టె, మూడూ ఒకచోట చేరుతున్నాయి. ఇందులో పొదుపు చెయ్యడానికి ఏమీ లేదు. ఎక్కడ తవ్వాలని ఎలక్ట్రీషియను అడిగితే అమ్మ బావి పక్క బండ చూపించింది. దానిచుట్టూ నేల మండువేసవిలో కూడా ఆరదు. రెండున్నర మీటర్ల జీఐ గొట్టం, అడుగున బెజ్జాలు, చుట్టూ బొగ్గు ఒక పొర, రాళ్ల ఉప్పు ఒక పొర. ఉప్పు, తేమ కలిసి కరెంటుకు భూమిలోకి సులువైన దారి ఇస్తాయి, బొగ్గు ఆ తేమను పట్టి ఉంచుతుంది. గుంట పూడ్చి, గొట్టం మూతి బయటికి ఉంచి నీళ్లు పోశారు. తర్వాత ఆ అబ్బాయి వంద వాట్ల బల్బు తెచ్చి, ఒక తీగ ఫేజుకు, ఇంకో తీగ కొత్త ఎర్తుకు తగిలించాడు. బల్బు ఇంట్లో వెలిగినంత తెల్లగా వెలిగింది.

"ఇంక ఢోకా లేదు పెద్దమ్మా. వేసవిలో మాత్రం అప్పుడప్పుడూ దీనికి బిందెడు నీళ్లు పొయ్యి" అన్నాడు.

దానికి తోడు మెయిన్ల దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించాను. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఇంటికి సరుకులు కొనేటప్పుడు బేరమాడే అమ్మ, దీని ధర కూడా అడగలేదు.

ఇక నీళ్లు. మా దొడ్లో బోరు నీళ్లతో కందిపప్పు ఉడకదు. సబ్బు రుద్దితే నురగకు బదులు తెల్లటి మడ్డి తేలుతుంది. పల్నాడు నేలలో చాలావరకు సున్నపురాయే. పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు, మాచర్ల దాకా సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి ఉండబట్టే. ఆ రాళ్ల మధ్య ఊరిన నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది, వేడి తగిలితే విడిపోయి పెంకు కడుతుంది. మన తాగునీటి ప్రమాణంలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు అని ఉంది. మిషనుకు అంత ఓపిక లేదు, హీటరు కడ్డీ మీద పెంకు కట్టిందంటే కడ్డీ కాలిపోతుంది. పంచాయతీ కుళాయిలో వచ్చేవి సాగర్ కాలవతో నింపిన చెరువు నీళ్లు, పప్పు మెత్తగా ఉడికే నీళ్లు. అవి పొద్దున పూట వస్తాయి. వాటిని ట్యాంకులోకి ఎక్కించాలనుకున్నాం.

ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ. ఐదొందల లీటర్ల ట్యాంకు నిండితే అర టన్ను. పెంకుటింటి మీద ఆ మాటే ఎత్తకూడదు. డాబా స్నానాలగది కప్పు నేలకు తొమ్మిదడుగులు. మిషనుకు నీళ్లు లోపలికెళ్లే మూతి వెనక పైభాగంలో ఉంటుంది, దిమ్మె ఎత్తుతో కలిపి నాలుగడుగులు. తేడా ఐదడుగులే. మిషను పుస్తకంలో అడిగిన ఒత్తిడి రావాలంటే మూడు మీటర్లు, అంటే పదడుగుల తేడా ఉండాలి. అమ్మ వంగకుండా ఉండాలని దిమ్మెను అడుగు లేపాం, ఆ అడుగు ఇక్కడ ఎదురొచ్చింది. దిమ్మె తగ్గిద్దామా అని తమ్ముడు అడిగాడు. తగ్గించొద్దన్నాను. కప్పు మీద గోడలు కలిసే మూలలకు బరువు పడేలా ఐదడుగుల ఇనప స్టాండు చేయించి, దాని మీద ట్యాంకు ఎక్కించాం. అమ్మ నడుము కోసం అయిన ఆ ఖర్చు నాకు ఎప్పుడూ ఎక్కువ అనిపించలేదు.

పందికొక్కుల సంగతి కూడా ఒక మాట. మిషను అడుగు తెరిచి ఉంటుంది, వాటికి రబ్బరు గొట్టాలూ తీగలూ ఇష్టం. దిమ్మె మీద మిషను చుట్టూ సన్న ఇనప జాలీ కట్టాం, తూము నోటికి కూడా. ఇప్పటివరకు దూరలేదు.

కంపెనీ కుర్రాడు మళ్లీ వచ్చాడు. మీటరు పెట్టాడు, కుళాయి తిప్పాడు, దిమ్మె మీద రసమట్టం పెట్టి అటూ ఇటూ చూశాడు. మాట్లాడకుండా అట్టపెట్టె విప్పాడు. రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించిన నాలుగు పెద్ద బోల్టులు ఊడదీసి, ఇల్లు మారితే మళ్లీ కావాలి, దాచుకోండని అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ వాటిని పోపులడబ్బాలో వేసింది.

మొదటి ఉతుకుడు పక్కదుప్పట్లతో. మిషను తిరుగుతున్నంతసేపూ అమ్మ దానివైపు చూడలేదు. కాలవ పక్కన కూర్చుని, గొట్టంలోంచి వచ్చే నీళ్లు చూసింది. మొదట మట్టిరంగు. తర్వాత బూడిదరంగు. ఆఖరి జాడింపు నీళ్లు వచ్చినప్పుడు దోసిట్లో పట్టి రెండు వేళ్లతో రాసి చూసింది.

"జిగట పోలా. ఇంకోసారి జాడించమను."

నిజమే, పొడి ఎక్కువ పడింది. కుర్రాడు చెప్పిన కొలత బోరు నీళ్ల ఊళ్లకు సరిపోయేది, చెరువు నీళ్లకు అందులో సగం చాలు. యాభయ్యేళ్లు నీళ్లలో నానిన వేళ్లు అవి, పొరబడవు. ఆ రోజు నుంచి పొడి సగమే. ఆఖరి జాడింపు నీళ్లను అమ్మ అరటిచెట్లకు మళ్లిస్తుంది, మొదటి మురికినీళ్లను వీధి కాలవకు వదిలేస్తుంది. సోడా నీళ్లు నల్లరేగడిని బిగదీస్తాయి, నీళ్లు ఇంకనివ్వవు అని నేను వ్యవసాయం చదివినవాళ్లను అడిగి తెలుసుకున్నాను. అమ్మ అంతకుముందే మళ్లించింది.

అదే 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా ఇళ్లకు తిరిగి, ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్క తీసింది. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఆ లెక్క చదివినప్పుడు నాకు నిమిషాలకంటే ముందు బావి పక్క బండ గుర్తొచ్చింది. అన్నేళ్లు ఆ పని జరిగింది నెత్తిన ఏ నీడా లేకుండా. ఎండాకాలం పొద్దెక్కకముందే లేచి ఉతికేది. వానాకాలం గోనెసంచి కొప్పెర వేసుకుని ఉతికేది. మా నాన్న చెడ్డవాడు కాదు. గేదె ఈనితే రాత్రంతా చావిడిలో మేలుకునేవాడు, పెంకు జరిగితే ఆ రోజే నిచ్చెనెక్కేవాడు. బండ మీద రెండు గుంజలు పాతి నాలుగు తాటాకులు కప్పితే అయిపోయే పని, ఆయనకు తోచలేదు. అమ్మ అడగలేదు. మేము ముగ్గురు పిల్లలం ఆ ఇంట్లో పెరిగాం, మా ఎవరికీ తోచలేదు. ఊళ్లో ఏ దొడ్లోనూ బండకు కప్పు నేను చూడలేదు.

ఆ జూలైలో పెద్దవాన పడిన పూట నేను ఊళ్లోనే ఉన్నాను. దొడ్లో నీళ్లు కాళ్ల మడమలు దాటుతున్నాయి. అమ్మ చావిడిలో నిలబడి, తాపీగా దుప్పట్లు ఒక్కొక్కటే మిషనులోకి వేస్తోంది.

"ఇన్నేళ్లకు తడవకుండా ఉతుకుతున్నా" అంది. ఫిర్యాదుగా అనలేదు, సంతోషంగా అంది. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

మిషను ఇప్పటికీ నడుస్తోంది. హీటరు అవసరం అమ్మకు పెద్దగా పడదు, చన్నీళ్లతోనే ఉతుకుతుంది. కాలవకు నీళ్లు కట్టేసి చెరువు అడుగంటిన రోజుల్లో బోరు నీళ్లు వాడక తప్పదు. అలాంటి వేసవి అయిపోగానే నిమ్మ ఉప్పు వేసి ఖాళీ డ్రమ్ము వేడినీళ్లతో ఒకసారి తిప్పుతాం, లోపల పట్టిన సున్నం కరిగిపోతుంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో నీళ్లు నిలిచి నల్లటి బూజు పడుతుంది, ఉతికిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి తలుపు వారగా తెరిచి ఉంచాలి. పక్కింటి పిన్ని మోకాళ్లకు ఆపరేషను అయినప్పటినుంచి వాళ్ల దుప్పట్లు కూడా ఇక్కడికే వస్తాయి. రెండు మిషన్లు పట్టేంత దిమ్మె పోయించినందుకు బాబాయిని ఆమె ఎప్పుడూ మెచ్చుకుంటుంది, రెండోది తానే కొంటానంటోంది.

పోయిన వానాకాలం అమ్మ బాబాయిని మళ్లీ పిలిపించింది. ఈసారి మాకెవరికీ చెప్పలేదు. ఉతకడం కప్పు కిందకొచ్చింది గానీ ఆరెయ్యడం ఇంకా ఎండావానల్లోనే ఉందనీ, చావిడి చూరు నుంచి దక్షిణం గోడ దాకా రేకులు దించాలనీ, కింద ఇనప తీగ వద్దు, నైలాను తాడు దండేలు కావాలనీ పురమాయించింది. ఎన్ని రేకులు పడతాయో బాబాయి లెక్క రాసి నాకు ఫోనులో పంపాడు. మొత్తం ఎంతవుతుందో అందులో లేదు. అడిగితే, "డబ్బు సంగతి మీ అమ్మ నీతో మాట్లాడుతుందట, నన్ను పని మొదలెట్టమంది" అన్నాడు.